పొద్దుండగానే టోక్యో



చలికాలం సెలవులకు పిల్లల్ని తీసుకుని టోక్యో వెళదామనుకుంటున్న కుటుంబాల కోసం ఈ నాలుగు మాటలు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, వెంట ఒక నాయనమ్మో అమ్మమ్మో తాతయ్యో, ఇలాంటి ఇంటిని మనసులో పెట్టుకుని మాట్లాడతాను. సంచీ భుజాన వేసుకుని ఒంటరిగా తిరిగే కుర్రాడికి ఏ ఊరైనా ఒకటే. ఐదుగురు కదలాలంటే మాత్రం ముందే ఆలోచించుకోవాలి.

ముందుగా ఆలోచించాల్సింది చలి గురించి కాదు, పొద్దు గురించి. డిసెంబరులో టోక్యోలో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. ఐదింటికి బాగా చీకటి పడిపోతుంది. హైదరాబాదులో ఆ రోజుల్లో ఐదూ నలభై, ఐదూ యాభై దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి, మనకు తెలియకుండానే మన లెక్కలన్నీ ఆ వెలుతురుతో వేసుకుంటాం. పైగా వాళ్ల గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం ఏడంటే మనకు తెల్లవారుజామున మూడున్నర. మొదటి రెండు రోజులు పిల్లలు ఏడింటికి లేవరు. తొమ్మిదింటికి లేచి, స్నానాలూ టిఫిన్లూ అయి, రైలెక్కి ఎక్కడికో చేరేసరికి పన్నెండవుతుంది. ఇక మిగిలింది నాలుగు గంటల పగలు. ఎన్నో లక్షలు పోసి వెళ్లి రోజుకు నాలుగు గంటల టోక్యో చూసి రావడం న్యాయం కాదు.

అందుకే నా సలహా ఇది. మొదటి రోజు ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. విమానం పొద్దున్నే దిగినా హోటల్ గది సాధారణంగా మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. సామాను కౌంటర్లో అప్పగించి, దగ్గర్లోని పార్కులో ఎండలో తిరిగి, ఏదో తిని, రాత్రి తొమ్మిదింటికల్లా అందరూ పడుకోండి. రెండో రోజు నుంచి తొమ్మిదింటికి బయట ఉండేలా చూసుకోండి. అంతకుముందే రైలెక్కితే ఆఫీసుల రద్దీలో పిల్లలు నలిగిపోతారు. పగలు ఒక్కటే పెద్ద కార్యక్రమం, ఆరుబయట చూడాల్సింది ఏదైనా అప్పుడే. చీకటి పడ్డాక దుకాణాలూ దీపాల వీధులూ. మరునోఉచి, రొప్పొంగి లాంటి చోట్ల చలికాలంలో చెట్లకు దీపాలు కడతారు. టికెట్ ఉండదు. అయితే కొన్నిచోట్ల డిసెంబరు 25తోనే ఆ దీపాలు తీసేస్తారు, కొన్నిచోట్ల ఫిబ్రవరి దాకా ఉంచుతారు. ఏది ఎప్పటిదాకానో చూసుకుని వెళ్లండి.

ఇప్పుడు చలి సంగతి. జనవరిలో టోక్యోలో మధ్యాహ్నం 10 డిగ్రీల దాకా ఉంటుంది, తెల్లవారుజామున 1, 2 డిగ్రీలకు దిగుతుంది. ఆదిలాబాద్ చలి ఎరిగినవాళ్లు ఈ అంకెలు విని బెదరనక్కర్లేదు. కొత్తగా అనిపించేది ఆ పొడిగాలి. దానికో కారణం ఉంది, అది తెలిస్తే సగం ఏర్పాట్లు మీకే తోస్తాయి. సైబీరియా మీద నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రాన్ని దాటుతూ తేమ పీల్చుకుంటుంది. దేశం నడుమ బారుగా ఉన్న పర్వతాలకు తగిలి, ఆ తేమనంతా అటువైపే మంచుగా కురిపించేస్తుంది. ఇటువైపు టోక్యోకు దిగివచ్చేది తడి లేని గాలి. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపేస్తే రాయలసీమకు ఉత్తగాలి మిగిలినట్టే అనుకోండి.

ఈ ఒక్క గాలి వల్ల మూడు సంగతులు జరుగుతాయి. ఒకటి, టోక్యోలో చలికాలం ఆకాశం నిర్మలంగా, నీలంగా ఉంటుంది. సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఫుజి పర్వతం ఊళ్లోంచి కనిపించేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. షింజుకులోని టోక్యో ప్రభుత్వ భవనంలో 45వ అంతస్తు దాకా ఉచితంగా ఎక్కనిస్తారు. నేల నుంచి 202 మీటర్ల ఎత్తు. ఉదయం తెరవగానే వెళ్లండి, పొద్దెక్కేకొద్దీ దూరాలు మసకబారతాయి. రెండోది, పెదవులు పగులుతాయి, రాత్రి హోటల్ గదిలో హీటర్ వేస్తే పిల్లలకు గొంతు ఆరిపోయి దగ్గు వస్తుంది. గాలికి తేమ పట్టించే చిన్న యంత్రం చాలా హోటళ్లలో అడిగితే ఇస్తారు. అది లేకపోతే తువ్వాలు తడిపి, పిండి, మంచం పక్కన ఆరేసుకోండి. పెదవులకూ చేతులకూ వెన్నపూసో వాజలినో ఇంటి నుంచే తీసుకెళ్లండి. మూడోది, మంచు టోక్యోలో అరుదు, కానీ కొండకు అవతల గుట్టలుగా పడి ఉంటుంది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

బట్టల విషయంలో మనవాళ్లు తరచూ ఒకే ఒక్క బరువైన కోటు కొంటారు. అది చాలదు, పైగా ఇబ్బంది పెడుతుంది. టోక్యో రైళ్లలో సీటు కింద నుంచి వేడిగాలి వస్తుంది, దుకాణాల్లో వేడి. కోటులో చెమటలు పట్టిన పిల్లవాడు బయటికి రాగానే ఆ చెమట చల్లబడి వణుకుతాడు. లోపల ఒంటికి అంటుకునే పల్చటి వెచ్చని బనియను, దానిమీద చొక్కా, దానిమీద స్వెటరు, పైన గాలి ఆపే తేలికైన కోటు. ఎక్కినప్పుడు విప్పడం, దిగినప్పుడు వేయడం. ఆ లోపలి బనియన్లు అక్కడి యునిక్లో దుకాణాల్లో పిల్లల సైజుల్లో కూడా దొరుకుతాయి. చీరే కట్టుకుంటానన్న నాయనమ్మను వద్దనకండి. చీర లోపల వెచ్చని లెగ్గింగు, కాళ్లకు మందపాటి మేజోళ్లు, చెప్పులు కాకుండా షూ, పైన మోకాళ్లు దాటే కోటు ఉంటే హాయిగా తిరుగుతారు. షూలు మాత్రం తేలిగ్గా విప్పి తొడుక్కునేవి కొనండి. గుళ్ల లోపలి భాగాల్లో, చాపలు పరిచిన భోజనశాలల్లో పదేపదే విప్పాల్సి వస్తుంది.

అక్కడ ఏ మందుల షాపులో చూసినా కైరో అనే చిన్న పొట్లాలు అమ్ముతారు. అరచేతిలో పట్టేంత సంచి. పైకవరు చించగానే లోపలున్న ఇనుపరజనుకు గాలి తగిలి తుప్పు పట్టడం మొదలవుతుంది. ఆ తుప్పు పుట్టించే వేడే మనల్ని కాచేది. కొన్ని గంటలపాటు వెచ్చగా ఉంటుంది, చల్లారాక లోపలి రజను గట్టిపడి గడ్డకడుతుంది. జేబులో పెట్టుకునేవి, బట్టకు అంటించుకునేవి అని రెండు రకాలు. అంటించేదాన్ని ఎప్పుడూ బట్ట మీదే అంటించాలి, చర్మం మీద కాదు. నడుం దగ్గర బనియను మీద అంటిస్తే పెద్దవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. పిల్లలు అది పెట్టుకుని నిద్రపోకుండా చూడండి. తెలియకుండానే చర్మం కాలుతుంది. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ తగ్గిన పెద్దవాళ్ల పాదాలకు అసలే వద్దు.

బస ఎక్కడ? షింజుకు, షిబుయా పేర్లు మీరు వినే ఉంటారు. కుర్రకారుకు బాగుంటాయి. షింజుకు స్టేషనుకు 200కు పైగా దారులు ఉన్నాయి. ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో పిల్ల, వెనకాల తాతయ్య, అలాంటప్పుడు అక్కడ తప్పు దారిలో పైకి వస్తే మళ్లీ వెనక్కి రావడమే పెద్ద ప్రయాణం. నేనైతే ఉయెనో చెబుతాను. నరీటా విమానాశ్రయం నుంచి స్కైలైనర్ రైలు ముప్పావుగంటలోపే నేరుగా అక్కడికి తెస్తుంది. స్టేషను ఎదురుగానే పెద్ద పార్కు, అందులో 1882లో తెరిచిన జపాన్ తొలి జంతుప్రదర్శనశాల, మ్యూజియంలు. ప్రకృతి విజ్ఞాన మ్యూజియం బయట నీలి తిమింగలం బొమ్మ అసలు సైజులో నీళ్లలోకి దూకుతున్నట్టు ఉంటుంది, పిల్లలు అక్కడే అరగంట నిలబడిపోతారు. బడి పిల్లలకు ఆ మ్యూజియం శాశ్వత ప్రదర్శన ఉచితం. పక్కనే ఉన్న టోక్యో నేషనల్ మ్యూజియంలో మామూలు ప్రదర్శన 18 ఏళ్లలోపు వారికీ, 70 నిండిన పెద్దలకూ ఉచితమే. వయసు చూపించడానికి తాతయ్య పాస్‌పోర్టు జేబులో ఉండాలి. అసలు విదేశీ యాత్రికులు పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. ఈ రెండూ, జంతుప్రదర్శనశాలా సోమవారం మూసి ఉంటాయి. సోమవారం సెలవుదినమైతే తెరిచి మంగళవారం మూస్తారు.

ఉయెనో నుంచి అసకుసాలోని సెన్సోజీ గుడికి గింజా లైనులో మూడో స్టేషను. 1927 డిసెంబరులో ఆసియాలో మొట్టమొదటి భూగర్భ రైలు నడిచింది సరిగ్గా ఈ ముక్క మీదే. పిల్లలకు ఎక్కేముందు ఆ మాట చెప్పండి, మామూలు రైలు కూడా వాళ్లకు చూడదగ్గ వస్తువవుతుంది.

రైళ్లకు, ముందే డబ్బు వేసుకుని వాడే సుయికా లాంటి కార్డు తీసుకోండి. ఆరేళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్లతో వస్తే టికెట్ లేదు, ఒక్కో పెద్దకు ఇద్దరు పిల్లల దాకా. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు సగం. సగం చార్జీ కార్డు కౌంటర్లో పాస్‌పోర్టు చూపిస్తేనే ఇస్తారు. రైల్లో ఫోన్ మాట్లాడరు. ఎస్కలేటరు మీద ఎడమవైపు నిలబడతారు. పెద్ద పెట్టెలతో కుస్తీ పట్టకండి, విమానాశ్రయంలోనే తక్యుబిన్ అనే సామాను సేవకు అప్పగిస్తే మర్నాటికి హోటలుకు చేరుస్తారు. ఒక రాత్రికి కావలసిన బట్టలూ మందులూ మాత్రం చేతిసంచిలో ఉంచుకోవాలి.

ఇక తిండి. మాంసాహారులకు ఏ ఇబ్బందీ లేదు. శాకాహారులు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి, దాషి. ఎండబెట్టిన చేపను మరిగించి తీసే ఈ రసం జపాన్ వంటలో చాలావాటికి ఆధారం. నూడుల్స్ గిన్నెలో పైకి ఒక్క చేపముక్క కనిపించకపోయినా ఆ చారులో చేప ఉంటుంది. కూరగాయలు ఉడికించిన నీళ్లలోనూ ఉంటుంది. "కూరగాయలే కదా" అని వాళ్లు మంచి మనసుతోనే చెబుతారు, వాళ్ల లెక్కలో అది శాకాహారమే. కాబట్టి మాంసం, చేప, చేపరసం మేం తినం అని జపనీసులో రాయించిన చీటీ దగ్గర పెట్టుకుని చూపించండి. ఉయెనో పక్కనే ఒకాచిమాచి ఉంది. అక్కడ రత్నాల వ్యాపారం చేసే మన గుజరాతీ, రాజస్థానీ జైనుల వల్ల శాకాహార భోజనశాలలు ఏర్పడ్డాయి, ఆంధ్ర పేరు పెట్టుకున్న దక్షిణాది హోటల్ కూడా ఉంది. ఉయెనోలో బస చేయమనడానికి ఇదీ ఒక కారణం. తూర్పువైపు నిషికసాయ్‌లో మన కంప్యూటర్ ఉద్యోగుల కుటుంబాలు చాలా ఏళ్లుగా ఉంటున్నాయి. అక్కడ కందిపప్పు మొదలు అన్నీ దొరికే దుకాణాలున్నాయి. టోక్యో స్టేషన్ లోపల టీస్ టాన్‌టాన్ అనేచోట పాలూ గుడ్డూ కూడా లేని నూడుల్స్ దొరుకుతాయి.

రాత్రి భోజనానికి అలసిన పిల్లల్ని మళ్లీ హోటళ్ల వెంట తిప్పకండి. ఏ సందు మలుపులో చూసినా ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే కొంబిని దుకాణాలు ఉంటాయి, సెవెన్ ఇలెవెన్, లాసన్, ఫ్యామిలీమార్ట్. వండి పెట్టెలో మూసిన తెల్లన్నం దొరుకుతుంది, అడిగితే అక్కడే వేడి చేసిస్తారు. పక్క అరలో చక్కెర లేని పెరుగు. మీ సంచిలో ఆవకాయా కందిపొడీ ఉంటే అంతకన్నా మంచి రాత్రిభోజనం ఆ చలిలో ఇంకేముంటుంది! అన్నాన్ని మూడుకోణాల ముద్దగా చేసి సముద్రపు నాచుతో చుట్టిన ఓనిగిరి కూడా అక్కడే ఉంటుంది. పైన చుట్టిన కవరు మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. మధ్యలో పట్టీని పైనుంచి కిందికి లాగి, తర్వాత రెండు మూలలూ రెండువైపులా లాగితే, అప్పటిదాకా అన్నానికి తగలకుండా ఉన్న నాచు అప్పుడు చుట్టుకుంటుంది, అందుకే కరకరలాడుతుంది. పిల్లలకు తినడం కంటే అది విప్పడం ఇష్టం. ఉమే అనే రకంలో పుల్లటి, ఉప్పటి పండు ఉంటుంది. పక్కా శాకాహారులు దాని వెనక అచ్చయిన పదార్థాల జాబితాను ఫోన్‌లో తెలుగులోకో ఇంగ్లీషులోకో మార్చి చదువుకోవాలి.

చలిలో ఇంకో మంచి తిండి, కాల్చిన చిలగడదుంప. మీరు గెనుసుగడ్డ అన్నా, కందగడ్డ అన్నా అదే. సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గరే వేడి రాళ్ల మీద పెట్టి అమ్ముతారు. తొక్క తీస్తే లోపల పసుపుపచ్చగా, తేనెలా జారుతుంది. ఏ చేపరసమూ లేదు. వీధుల్లోని పానీయాల యంత్రాల్లో సీసా కింద ఎర్రపట్టీ ఉంటే వేడిది, నీలంపట్టీ ఉంటే చల్లనిది. వేడి కోకో డబ్బా పిల్ల చేతికిస్తే ముందు చేతులు కాగుతాయి, తర్వాత కడుపు. ఖాళీ డబ్బా వేయడానికి వీధిలో చెత్తబుట్ట దొరకడం కష్టం, ఒక కవరు దగ్గరుంచుకోండి.

ఇంటి నుంచి తీసుకెళ్లేవాటిలో జాగ్రత్తలు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, మాంసం కలిసిన ఏ వస్తువూ జపాన్‌లోకి రానివ్వరు, దొరికితే భారీ జరిమానా కూడా ఉంది. తాజా పండ్లు, కరివేపాకు లాంటి పచ్చి ఆకులకు ధ్రువపత్రం కావాలి, వదిలేయండి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఎక్కువ ఉన్నవీ, కోడీన్ ఉన్న దగ్గు మందులూ అక్కడ చట్టంతో చిక్కు. డాక్టరుకు చెప్పి మరో మందు రాయించుకోండి. అక్కడి కరెంటు 100 వోల్టులు, ప్లగ్గుకు రెండు చదునైన పుల్లలు. ఫోన్ చార్జరుకు చిన్న అడాప్టరు చాలు. మన రైస్ కుక్కరు మాత్రం ఇంట్లోనే ఉంచండి, పనిచేయదు.

మంచు చూడాలన్న పిల్లల కోరిక సంగతి. టోక్యోలో ఏడాదికి ఏదో ఒకటి రెండుసార్లు కురుస్తుంది, దాన్ని నమ్ముకోకూడదు. ఉయెనోలోనే జోయెత్సు షింకన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కి, గంటంబావు ప్రయాణం చేస్తే గాలా యుజావా. అది చలికాలంలో మాత్రమే తెరిచే స్టేషను. రైలు దిగిన భవనంలోనే బట్టలు, బూట్లు, మంచు మీద జారే స్కీలు అద్దెకిస్తారు, అక్కడి నుంచే కేబుల్ పెట్టె కొండమీదికి తీసుకెళుతుంది. స్కీయింగ్ రాకపోయినా పిల్లలు కూర్చుని జారే చోటు వేరుగా ఉంది. చేతి తొడుగులు, టోపీ మీవి తీసుకెళ్లండి, చలవ కళ్లజోడు కూడా. శని, ఆదివారాలు వద్దు.

ఆ ప్రయాణంలో ఒక్క పని చేయండి. కిటికీ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టండి. టోక్యో దాటి చాలాసేపు ఎండ, పొడి పొలాలు. తర్వాత సొరంగాలు మొదలవుతాయి, వాటిలో ఒకటి 22 కిలోమీటర్లు. అది దాటి బయటికి వచ్చేసరికి ఇళ్ల కప్పుల మీద మంచు, మబ్బు, పూర్తిగా వేరే దేశం. ఇందాక చెప్పిన గాలి, కొండ, తేమ, ఆ పాఠమంతా కిటికీలోంచి నిమిషంలో అర్థమవుతుంది. 1968లో నోబెల్ బహుమతి అందుకున్న కవబత యసునారి తన "మంచు దేశం" నవలకు నేపథ్యంగా ఎంచుకున్నది ఈ యుజావానే. పెద్దవాళ్లు బయల్దేరే ముందు ఆ నవల చదివి వెళితే, పిల్లలు జారుకుంటున్నంతసేపూ కూర్చుని చూడటానికి వాళ్లకూ ఒక ఊరు ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలి? డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా జపాన్‌కు కొత్త సంవత్సరం పెద్ద పండగ. మ్యూజియంలూ చిన్న హోటళ్లూ మార్కెట్లూ చాలావరకు మూసేస్తారు. రైళ్లు సొంతూళ్లకు వెళ్లేవాళ్లతో నిండిపోతాయి. టోక్యోలోని మెయిజీ గుడికి మొదటి మూడు రోజుల్లోనే సుమారు 30 లక్షల మంది వస్తారు. చంటిపిల్లలతో ఆ క్యూలోకి వెళ్లకండి. ఆ రోజుల్లోనే వెళ్లాల్సివస్తే మీ హోటల్ ఉన్న వీధి చివరి చిన్న గుడికి వెళ్లండి, పండగ అక్కడా ఉంటుంది, ఊపిరాడుతుంది. సంక్రాంతి సెలవులు మాత్రం చక్కగా సరిపోతాయి. అప్పటికి ఊరు మామూలవుతుంది, గదుల అద్దెలూ దిగుతాయి. జనవరి రెండో సోమవారం ఇరవై ఏళ్ల ప్రాయంలో అడుగుపెట్టే యువతీయువకుల పండగ. పొడవాటి చేతుల కిమోనోల్లో అమ్మాయిలు వీధుల్లో కనిపిస్తారు. భోగిమంట, ముగ్గులు, అల్లుళ్ల రాక వదిలి ఎలా వెళతామంటారా? అది మీ ఇంట్లో పెద్దలతో తేల్చుకోవలసిన విషయం. కనుమ వెళ్లాక బయల్దేరడానికి బడి ఒప్పుకుంటే ఇంకా మంచిది.

పిల్లలు తప్పిపోతే ఏం చేయాలో బయల్దేరకముందే నేర్పండి. ఎక్కడ విడిపోయారో అక్కడే నిలబడాలి, రైల్లో మీరు దిగిపోయి వాళ్లు ఉండిపోతే తర్వాతి స్టేషన్లో దిగి ప్లాట్‌ఫారం మీదే ఆగాలి. హోటల్ పేరు జపనీసులో అచ్చయిన కార్డు ప్రతి పిల్ల జేబులోనూ, తాతయ్య జేబులోనూ ఉండాలి. వీధి మొగల్లో కోబన్ అనే చిన్న పోలీసు గదులుంటాయి, అక్కడ ఆ కార్డు చూపిస్తే చాలు. పోలీసుకు 110, అంబులెన్సుకు 119.

మనకు వీసా తప్పనిసరి, ప్రయాణానికి ఒకటి రెండు నెలల ముందే ఆ పని పెట్టుకోండి. అక్కడ దిగాక విమానాశ్రయంలో వరుసలు తగ్గాలంటే విజిట్ జపాన్ వెబ్‌లో ఇంటిల్లిపాది వివరాలూ ఇక్కడే నింపుకుని వెళ్లండి. పిల్లలు "తొతొరో" బొమ్మల సినిమా చూసినవాళ్లయితే, మితాకాలో ఆ సినిమా వాళ్లదే అయిన జిబ్లీ మ్యూజియం అడుగుతారు. గుమ్మం దగ్గర టికెట్లు అమ్మరు. వచ్చే నెల టికెట్లు ఈ నెల 10వ తేదీన, అక్కడి కాలమానం ప్రకారం ఉదయం పదింటికి ఆన్‌లైన్‌లో పెడతారు, త్వరగా అయిపోతాయి. జనవరిలో వెళ్లేవాళ్లు డిసెంబరు 10న మన గడియారంలో ఆరున్నరకల్లా కంప్యూటర్ ముందు ఉండండి.